కుక్కర్ చల్లారేలోగా ఒక సినిమా!

బొమ్మల సినిమా అనగానే మనకు గుర్తొచ్చేదేమిటి? అన్నం తిననని మారాం చేసే పిల్లాడి ముందు టీవీ పెట్టడం, వాడు డోరేమాన్‌నో షిన్‌చాన్‌నో నోరు తెరుచుకుని చూస్తుంటే ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టేయడం! ముద్దలు అయిపోగానే మన పని మనది. ఆ తెరమీద ఏముందో మనం తలెత్తి చూసేదెప్పుడు గనక?

ఆ డోరేమాన్ పుట్టిన జపాన్‌లోనే ఇంకో రకం బొమ్మల సినిమాలున్నాయి. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు. చాలావాటిలో మాటలుండవు. కొన్నిటికి కథ కూడా ఉండదు! ఒక్క మనిషో, నలుగురైదుగురో కూర్చుని "ఇలా గీస్తే ఎలా ఉంటుందో చూద్దాం" అని నెలల తరబడి గీసి తీసినవి. వీటినే ప్రయోగాత్మక యానిమే లఘుచిత్రాలంటారు. పేరు వినగానే "అమ్మో, అవి మనకర్థం కావులే" అని పేజీ తిప్పేయకండి. గాండ్లపెంటలో కూర్చుని వీటిని ఇష్టంగా చూసే అభిమానిగా చెబుతున్నాను: పండితులకంటే ముందు ఇవి ఇల్లు నడిపే మనకే అర్థమవుతాయి. ఎందుకంటారా? చెబుతాను.

తెరమీద నీడ మనకు కొత్తా?

మన గాండ్లపెంట నుంచి కదిరి మీదుగా ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంట అనే పల్లె ఉంది. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మేక తోలును శుభ్రం చేసి, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా తయారుచేసి, దానిమీద సీతమ్మనో ఆంజనేయస్వామినో గీస్తారు. నగలు మెరవాలన్న చోట చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. రంగులు వేస్తారు. భుజం, మోచెయ్యి, మోకాలు వేరువేరు ముక్కలుగా కోసి దారంతో కలిపి ముడి వేస్తారు. తెల్లటి గుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి ఆడిస్తే... ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుతురే సీతమ్మ వడ్డాణం!

మన పెద్దవాళ్ళు తెల్లవార్లూ కూర్చుని చూసింది ఇదే. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఒక తోలు ముక్క కదిలితే అందులో ప్రాణం చూడగల కన్ను మనకు వాళ్ళనుంచే వచ్చింది.

ఇప్పుడు జపాన్ వెళదాం. ఓఫుజి నోబురో అనే ఆయన 1927లో 'కుజిరా' అని ఒక నీడబొమ్మల సినిమా తీశారు. కుజిరా అంటే తిమింగలం. పాతికేళ్ళ తర్వాత, 1952లో, అదే సినిమాను మళ్ళీ రంగుల్లో తీశారు. రంగులు ఎలా తెచ్చారనుకున్నారు? సెల్లోఫేన్ కాగితంతో! కానుకల బుట్టలకు చుడతామే, అవతలి వైపు కనిపించే ఆ రంగు కాగితమే. దాన్ని అలలుగా, ఓడలుగా, మనుషులుగా కత్తిరించి, అద్దం పలకలమీద పరిచి, కింద దీపం పెట్టి, కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీశారు. ఒక కాగితంమీద ఇంకో కాగితం పడితే రంగు ముదురుతుంది. సముద్రం లోతు అలాగే వచ్చింది. ఆ సినిమా 1953లో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవానికి వెళ్ళింది.

చూశారా! నిమ్మలకుంటలో తోలు, టోక్యోలో కాగితం. వెనక దీపం మాత్రం ఒకటే. ఓఫుజి 1961లో పోయారు. ఆ మరుసటి ఏడు నుంచే ఆయన పేరుమీద జపాన్‌లో బొమ్మల సినిమాలకు ప్రత్యేకంగా ఒక అవార్డు ఇవ్వడం మొదలుపెట్టారు.

నీళ్ళలో మునిగిన గదులు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ముందు చెప్పేస్తాను. పేరు 'త్సుమికి నో ఇయె'. పిల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఆడుకునే చెక్క దిమ్మలుంటాయి కదా, అలాంటి ఇల్లు అని అర్థం. కాటో కునియో 2008లో తీశారు. పన్నెండు నిమిషాల సినిమా. 2009లో ఆస్కార్ గెలిచింది. బొమ్మల లఘుచిత్రాల విభాగంలో జపాన్‌కు అదే మొదటి ఆస్కార్.

ఒక ఊరు. ఏటేటా నీళ్ళు పెరుగుతుంటాయి. ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు. నీళ్ళు గదిలోకి రాగానే ఇటుకలు తెచ్చి, ఉన్న గదిమీదే ఇంకో గది కట్టుకుని, సామాను పైకి చేర్చుకుంటాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గది. ఒకరోజు సామాను చేరవేస్తుంటే ఆయనకిష్టమైన పొగగొట్టం జారి నీళ్ళలో పడిపోతుంది. కొత్తది కొనుక్కోవచ్చు. కానీ ఆయనకు అదే కావాలి! నీళ్ళలో దిగే దుస్తులు వేసుకుని కిందికి మునుగుతాడు. ఒక గది కింద ఇంకో గది. ఒక గదిలో భార్య జబ్బుపడి మంచంలో ఉన్న రోజులు గుర్తొస్తాయి. ఇంకా కిందికి దిగితే కూతురి పెళ్ళి ముచ్చట. ఇంకా కిందికి, ఆ కూతురి పసితనం. అట్టడుగున, నీళ్ళింకా రాని రోజుల్లో, ఆయనా భార్యా కలిసి కట్టుకున్న మొదటి ఇల్లు.

మొత్తం సినిమాలో ఒక్క మాట లేదు. పెన్సిలు గీతలు, లేత రంగులు, వెనక సన్నటి సంగీతం. అంతే. అయినా చివరికి వచ్చేసరికి నా పమిట చెంగు తడిసింది.

ఎందుకంటే, చెప్పండి, మన ఇళ్ళూ అంతే కాదూ? అటకమీద మూటగట్టి పెట్టిన పసిపిల్లల చొక్కాలు, ఇప్పుడెవరూ వాడని అత్తగారి ఇత్తడి బిందె, పెళ్ళినాటి ట్రంకు పెట్టె... పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఒక్కో అర దిగుతుంటే మనమూ ఆ ముసలాయనలాగే కిందికి మునుగుతాం. "ఇంకా ఈ పాత సామాను ఎందుకు, పారెయ్యరాదా?" అనేవాళ్ళకు జవాబు చెప్పడానికి మనకు మాట దొరకదు. ఈ సినిమా ఆ జవాబును మాట లేకుండానే చెబుతుంది. మన ప్రాంతంలో నీళ్ళు పెరిగే బాధ లేదు, బోర్లు ఎండే బాధే ఎక్కువ. అయినా ఆ ఇల్లు మనదే అనిపిస్తుంది.

తలమీద చెట్టు మొలిస్తే...

ఏడిపించింది చాలు, ఇప్పుడు నవ్విస్తాను. యమమురా కోజి 2002లో తీసిన 'అతామా యామా' పది నిమిషాల సినిమా. అతామా అంటే తల, యామా అంటే కొండ. ఒక పిసినారి ఉంటాడు. దేన్నీ పారెయ్యడు. చెర్రీ పళ్ళు దొరికితే గింజలు ఉమ్మేయడం కూడా దండగేనని గింజలతో సహా మింగేస్తాడు. ఏమవుతుంది? నడినెత్తిన చెట్టు మొలుస్తుంది! అది పూలు పూస్తే జనం చాపలూ క్యారియర్లూ పట్టుకుని ఆయన తలమీదికే వనభోజనానికి వచ్చేస్తారు. గోల భరించలేక చెట్టు పీకేస్తే ఆ చోట గుంట పడుతుంది. అందులో వాన నీళ్ళు నిలిస్తే ఈతకొకరు, చేపలు పట్టడానికొకరు! చివరికి ఏమైందో మీరే చూడండి, నేను చెప్పను.

ఇది అక్కడి పాత హాస్యకథ. కునిమోతో తకేహరు అనే కళాకారుడు షమిసేన్ వాయిస్తూ, పాడుతూ, మధ్యమధ్య మాటలు చెబుతూ కథ నడిపించాడు. షమిసేన్ అంటే మూడు తంతుల వాద్యం. వింటుంటే భాష ఒక్క ముక్క తెలియకపోయినా మన హరికథ, బుర్రకథ చెవిలో మోగుతాయి. ఈ సినిమా 2003 ఆస్కార్ పోటీలో తుది జాబితా దాకా వెళ్ళింది.

"తలమీద చెట్టేమిటి, చోద్యం కాకపోతే!" అంటారా? మన పక్క మండలం నంబులపూలకుంటలోని తిమ్మమ్మ మర్రిమాను సంగతేమిటి మరి? తిమ్మమ్మ చితికి నాటిన గుంజ చిగురించి అంత మహావృక్షమైందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఎకరాల కొద్దీ పాకిన ఆ చెట్టు కింద నిలబడితే అది నమ్మడం ఎవరికీ కష్టం కాదు. మన ఊళ్ళ కథల్లోనే ఇంత వింత ఉంటే జపాన్ వింత మనకో లెక్కా?

కదలని ముఖం, కదిలే మనసు

కవమోతో కిహచిరో అనే ఆయన ఎక్కువగా బొమ్మలతోనే సినిమాలు చేశారు. 1963లో ప్రాగ్ నగరానికి వెళ్ళి, త్రుంకా అనే పేరుమోసిన బొమ్మల చిత్రకారుడి దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన సినిమాల్లో 'దోజోజి' 1976లో వచ్చింది. తీర్థయాత్రకు వెళుతున్న ఒక యువ సన్యాసికి ఒక స్త్రీ తన ఇంట ఆశ్రయం ఇస్తుంది. అతని మీద మనసు పడుతుంది. తిరుగు ప్రయాణంలో వస్తానని మాటిచ్చి అతను రాడు. ఆమె వెంటపడుతుంది. నది అడ్డమొస్తే ఆ కోపంలో పామై ఈదుతుంది. అతను గుడిగంట కింద దాక్కుంటే గంటను చుట్టేస్తుంది.

గమనించండి, ఆ బొమ్మ ముఖం చెక్కిన ముఖం. కనుబొమ్మ ఎగరదు, పెదవి వణకదు. తల ఒక్క రవ్వ వంచితే దిగులు, ఒక్క రవ్వ ఎత్తితే ఆశ. అక్కడి నోహ్ నాటకాల ముఖతొడుగుల పద్ధతి ఇది. మన తోలుబొమ్మ సీతమ్మకూ ఒకసారి గీసిన ముఖమే కదా! ఆమె ఏడుస్తోందని మనకు ఎలా తెలిసేది? బొమ్మ తెరకు ఎంత దగ్గరగా వచ్చింది, ఎలా వణికింది అన్నదాన్ని బట్టే. పదిమంది ముందు ముఖం కదలనివ్వకుండా లోపల ఎంతో దాచుకునే విద్య ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే ఈ బొమ్మ మనకు తొందరగా అర్థమవుతుంది.

పొద్దున ఎనిమిదింబావు

ఇది మాత్రం పిల్లలు పక్కన లేనప్పుడు చూడండి. కినోషితా రెంజో, ఆయన భార్య సయోకో కలిసి 1978లో తీసిన 'పికాదోన్'. పికా అంటే మెరుపు, దోన్ అంటే ఢామ్మనే చప్పుడు. 1945 ఆగస్టు 6, హిరోషిమా. మొదటి సగమంతా మామూలు పొద్దుటి పనులు. ఇళ్ళలో టిఫిన్లు, పనికి బయల్దేరే వాళ్ళు, బిడ్డకు పాలిచ్చే తల్లి, కాగితం విమానం ఎగరేసే పిల్లాడు. గడియారం ఎనిమిదీ పదిహేను చూపిస్తుంది. ఆ తర్వాత మీకు తెలుసు.

అణుబాంబు గురించి బడిలో చదువుకున్నాం. మార్కుల కోసం ఏడాది, తేదీ బట్టీ పట్టాం. కానీ పొద్దున ఎనిమిదింబావు అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పొయ్యిమీద పోపు, చేతిలో క్యారియరు, గుమ్మంలో "అమ్మా, నా సాక్సు ఏదీ?" అనే కేక. సరిగ్గా ఆ నిమిషంలో... యుద్ధం అంటే ఏమిటో పుస్తకం చెప్పనిది ఆ కొన్ని నిమిషాల బొమ్మలు చెప్పాయి. సయోకోగారు అంతటితో ఆగలేదు. 1985లో అదే హిరోషిమాలో అంతర్జాతీయ బొమ్మల చిత్రోత్సవం మొదలుపెట్టించి, 2020 దాకా దాన్ని నడిపించారు. కాలిపోయిన ఊరికి ప్రపంచంలోని కుంచెలన్నిటినీ పిలిచిన ఇల్లాలు ఆమె.

కథ లేకపోతే ఏం చూడాలి?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఉదాహరణకు తెజుకా ఒసాము 1984లో తీసిన 'జంపింగ్'. ఆరు నిమిషాలు. గెంతుకుంటూ పోతున్న ఒకరి కళ్ళతో మనం చూస్తుంటాం. గెంతు చిన్నగా మొదలై, ఇళ్ళు దాటి, ఊళ్ళు దాటి, సముద్రం దాటి పోతుంది. గెంతుతున్నది ఎవరో చివరిదాకా చూపించరు! ఇంకొకటి మిజుషిరి యోరికో అనే ఆమె 2012లో తీసిన 'ఫుతోన్'. ఫుతోన్ అంటే వాళ్ళ పరుపు. పరుపులో చుట్టుకుని పడుకున్న ఒక స్త్రీ, ఆ మెత్తదనం, ఆ వెచ్చదనం, లేవబుద్ధి కాని ఆ బద్ధకం. అదే సినిమా! తెల్లారుజామునే లేచి పాలప్యాకెట్టు కోసం తలుపు తీసే మనకు అంతకంటే పెద్ద కల ఇంకేముంటుంది చెప్పండి?

"మరి దీని అర్థమేమిటి?" అని అడిగితే నేనొక ఎదురుప్రశ్న వేస్తాను. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తారు కదా, దాని అర్థమేమిటి? చుక్కలు పెడతాం. గీత ఎటో పోతుంది, మెలిక తిరుగుతుంది, ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలుస్తుంది. దారిన పోయే పిల్ల ఆగి ఆ చేతినే చూస్తుంది. "కథ ఏమిటక్కా?" అని అడగదు. గీత ఎటు తిరుగుతుందో చూడటంలోనే ఉంది ఆనందం. ఈ సినిమాలనూ అలాగే చూడండి. అవి కదిలే ముగ్గులు.

చేతి పని విలువ చేతికే తెలుసు

సినిమాలో సెకనుకు ఇరవైనాలుగు చిత్రాలు కదులుతాయి. పన్నెండు నిమిషాలంటే 720 సెకన్లు. గుణిస్తే 17,280. ఒక్కో బొమ్మను రెండేసి చిత్రాలకు వాడుకున్నా ఎనిమిది వేల పైచిలుకు. మన ధర్మవరం మగ్గంమీద ఒక్కో పోగు దాటించి పట్టుచీర నేసినట్టే ఇదీ. నేసిన చీర కట్టుకున్నప్పుడు పోగులు కనిపించవు. కానీ అక్కడక్కడ గీత కాస్త వణికినప్పుడు, రంగు కాస్త ఒలికినప్పుడు, దీని వెనక ఒక మనిషి చెయ్యి ఉందని తెలుస్తుంది. ఇప్పుడు కంప్యూటరు చిటికెలో బొమ్మలు తయారుచేసి ఇస్తోంది. అయినా మిక్సీ పచ్చడికీ రోటి పచ్చడికీ తేడా నాలుకకు తెలియకుండా పోతుందా?

జపాన్‌వాళ్ళకూ మనకూ ఈ విద్యలో చుట్టరికం లేకపోలేదు. యూగో సాకో, మన రామ్ మోహన్ కలిసి తీసిన రామాయణం బొమ్మల సినిమా 1992 నాటిది. 2025 జనవరిలో తెలుగు మాటలతోనూ థియేటర్లకు వచ్చింది. ఇక లఘుచిత్రాల్లో మన దేశంలోని గీతాంజలి రావు తక్కువ తిన్నారా! 2006లో తానొక్కతే గీసిన 'ప్రింటెడ్ రెయిన్‌బో'తో కాన్ క్రిటిక్స్ వీక్‌లో బహుమతులు గెలిచారు. నగరంలో ఒంటరి ముసలమ్మ, ఆమె పిల్లి, అగ్గిపెట్టెల మీది రంగు బొమ్మలు. ఆ బొమ్మల్లోకి ఆమె ఊహలో ప్రయాణం చేస్తుంది. అగ్గిపెట్టె చేతపట్టని రోజు మనకుందా?

చూసేముందు...

* ఈ పేర్లు ఫోనులో వెతికిస్తే కొన్ని దొరుకుతాయి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. మాటలు లేని సినిమాకు చప్పుడే ప్రాణం.
* ఒక రోజుకు ఒకటే చూడండి. వరసగా నాలుగు చూస్తే నాలుగు కూరలు కలిపి తిన్నట్టే.
* మొదట 'త్సుమికి నో ఇయె', తర్వాత 'అతామా యామా'. 'ఫుతోన్', 'జంపింగ్' అలవాటయ్యాక. 'పికాదోన్' మనసు కుదుటగా ఉన్న రోజున.
* అర్థం కాకపోతే కంగారుపడకండి. మర్నాడు అంట్లు తోముతుంటే ఏ బొమ్మ గుర్తొచ్చిందో చూసుకోండి. అదే మీకు అర్థమైనది.

ఇంట్లోనే నీడబొమ్మ

సెలవుల్లో పిల్లలతో ఇది చేసి చూడండి. పాత పెళ్ళిపత్రిక అట్టమీద కోడిపుంజునో ఏనుగునో గీసి కత్తిరించండి. తల, కాళ్ళు విడిగా కోసి, సూదితో దారం గుచ్చి, రెండు వైపులా ముడి వేయండి, వదులుగా కదలాలి. కన్ను ఉన్నచోట రంధ్రం చేసి, వెనక రంగు కాగితం అంటించండి. వెనకవైపు చీపురుపుల్లలు రెండు మూడు కలిపి కట్టి అతికించండి. గుమ్మానికి తెల్లపంచె కట్టి, లైట్లు ఆర్పి, వెనకనుంచి ఫోను టార్చి వేయండి. బొమ్మ తెరకు దగ్గరైతే స్పష్టంగా, దూరమైతే పెద్దగా, మసకగా కనిపిస్తుంది. ఆ రెంటి మధ్యే ఉంది ఈ విద్యంతా. వీలుంటే ఒక ఆదివారం పిల్లల్ని నిమ్మలకుంటకు కూడా తీసుకెళ్ళండి. అక్కడివాళ్ళు ఇప్పుడు ఎక్కువగా దీపాలకు గొడుగులూ గోడబొమ్మలూ చేసి అమ్ముకుంటున్నారు. ఒక్కటి కొన్నా ఆ ఉలి ఆగదు.

ఇంట్లో అందరి టైమూ చూసేది మనమే. పిల్లల బడి, ఆయన బస్సు, మామగారి మందు, పాలవాడి లెక్క. అందులోంచి పన్నెండు నిమిషాలు తీసుకుంటే ఇల్లేమీ మునిగిపోదు. పప్పుకు కుక్కర్ పెట్టి, మూడు కూతలు రాగానే పొయ్యి ఆపేయండి. మూత తనంతట తాను వచ్చేదాకా ఎలాగూ ఆగాలి. అదే మీ సినిమా టైము!